పాటల యాప్‌కు చెప్పిన పుట్టినరోజు

జనవరి 26, ఆదివారం

ఈ డైరీ రెండేళ్ల కింద విత్తనాల కంపెనీ వాళ్లు మా ఆయనకు, నిరోష బాపుకు ఇచ్చింది. అట్ట మీద పత్తికాయ బొమ్మ ఉంది. ఇన్నాళ్లూ దేవుని అర్రలో అగరుబత్తుల డబ్బాకు ఎత్తు కోసం కింద పెట్టాను. ఈ రోజు తీసి, అచ్చువేసిన తేదీ కొట్టేసి, నా తేదీ వేసుకున్నాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇన్ని వాక్యాలు రాయడం ఇదే మొదటిసారి.

ఎవరికీ చెప్పుకోలేని పని ఒకటి చేశాను. నిరోష బాపు (ఆయన పేరు రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు) గొర్రెల మందతో అమ్రాబాద్ దిక్కు పోయి నెల దాటింది. దేవునికి చెప్పుకున్నాను. విన్నాడు, కాని ఏం చేయాలో చెప్పలేదు. మనసులో తిప్పుకున్న ప్రతిసారీ తప్పు నాది కానట్టే వస్తోంది. కాగితం మీద పెడితే అలా జారిపోదేమో అనిపించింది. అందుకని కలం పట్టాను.

వరుసగా రాస్తాను.

పండుగ సెలవులయ్యాక నిరోష బడిలో తల్లిదండ్రులను పిలిచారు. మా పిల్ల ఎనిమిదో తరగతి. గ్లోరీ టీచరు మాట్లాడారు. పిల్లలు చదువుకుంటూ ఫోన్‌లో పాటలు వింటున్నారని, వాటిలో ఏముందో తల్లులు చూసుకోవాలని, యాప్‌లో పెద్దలకే అని గుర్తు వేసిన పాటలకు తాళం వేసుకునే వీలుందని చెప్పారు. అంతకు ముందు వారమే నిరోష దీపం వత్తి సరిచేస్తూ ఒక చరణం కూనిరాగం తీసింది. ఆ చరణం ఇక్కడ రాయను. దానికి అర్థం తెలిసి పాడలేదు. అయినా దీపం ముందు ఆ మాట విని నా ఒళ్లు గగుర్పొడిచింది.

పోయిన సోమవారం, 20వ తేదీన, నేనే కూర్చుని తాళం వేశాను. గ్లోరీ టీచరు పంపిన మెసేజ్ చూసుకుంటూ, ఒక్కొక్కటే నొక్కుతూ, రెండు గంటలు పట్టింది. నా పేరు మీద పెద్ద ఖాతా, దాని కింద నిరోషకు చిన్న ఖాతా. నాలుగంకెల పిన్ నాకు మాత్రమే తెలుస్తుంది. అది ఏం విన్నదో నా ఫోన్‌లో కనబడుతుంది. బాపు పాత ఫోన్ దాని దగ్గరే ఉంటుంది కనుక అందులో దాని ఖాతా తెరిచి ఇచ్చాను. ఎవరి సాయమూ లేకుండా చేశానని గర్వపడ్డాను కూడా.

మధ్యలో పిల్ల పుట్టిన తేదీ అడిగింది. కింద చిన్న గడి, పక్కన ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అని ఉంది. ఆ రోజు సోమవారం, నాకు ఒక్కపొద్దు. శివరాత్రి దాకా సోమవారాలు పట్టాను. ఒక్కపొద్దు నాడు నిజమని చెప్పి అబద్ధం రాయలేకపోయాను.

బడిలో ఉన్నది, ఆధార్‌లో ఉన్నది 2011 జూన్ 15. నేను కొట్టింది 2012 ఫిబ్రవరి 20. అసలుది.

నిన్న నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఫిబ్రవరి 20న నిరోషకు పదమూడేళ్లు నిండుతాయట. ఆ రోజు తన ఖాతా సంగతి తానే నిర్ణయించుకోవచ్చని నిరోషకు కూడా తెలియజేస్తారట.

ఊళ్లో సగం మందికి రెండు పుట్టిన తేదీలున్నాయి, దానికేం అనవచ్చు. కాని నాకు గర్భసంచి తీసేసింది 2011 ఆగస్టులో. ఆ ఫైలు నిరోషకు కంఠతా వచ్చు. నన్ను దవాఖానకు తోడుకొని పోయేది అదే, డాక్టరమ్మ అడిగిన వాటికి జవాబులు చెప్పేది అదే. ఆగస్టులో సంచి తీసేసిన మనిషి తర్వాతి ఫిబ్రవరిలో పిల్లను ఎట్లా కంటుంది? లెక్కల్లో దానికి తొంభై పైనే వస్తాయి.

రాస్తున్నాను. నిరోషను నేను కనలేదు. నా చెల్లె శైలజ కన్నది.

జనవరి 27, సోమవారం

తేదీ మార్చడానికి వీలు లేదు. ఆ గడి బూడిద రంగులో ఉంది. ఎన్నిసార్లు నొక్కినా కదలదు. ఖాతానే తీసేద్దామంటే ‘ఈ సంగతి నిరోషకు తెలియజేస్తాము’ అంటోంది. అన్నీ దానికే తెలియజేస్తారట.

జనవరి 28

నవీన్ ఫోన్ల దుకాణానికి పోయాను. అసలు సంగతి చెప్పకుండా, నిరోష ఖాతాలో పొరపాటున తేదీ తప్పు పడింది, మార్చాలి అన్నాను. ఫోన్ తీసుకుని తిప్పి చూశాడు.

“కంపెనోళ్లకు ఆధార్ పంపాలె జానమ్మక్కా. ఏదీ ఆధార్?” అని అడిగి, చూసి నవ్వాడు. “కాగితం ప్రకారమైతే గీ పిల్లకు పదమూడు ఎప్పుడో నిండినయ్. ఇది పంపితే తాళమే ఊడిపోతది. అసలు నువ్వు తాళమెందుకు ఏసినవ్?”

ఆధార్ తీసుకుని సంచీలో పెట్టుకున్నాను. నేను బాధపడుతున్నాననుకుని ఊరడించాడు. “నాక్కూడ రెండున్నయ్ అక్కా. జూన్ ఒకటి సర్కారుది. అసలుది మా అవ్వకే ఎరుక. ఆమె కూడ జొన్నలు కోసేటప్పుడు పుట్టినవంటది, ఏ ఏడాదో చెప్పది. మా బావనడుగు, ఆయనకు మూడుంటయ్.”

ఇంటికి వచ్చేదాకా ఆ మాట పట్టుకుని నడిచాను. రెండు తేదీలు అందరికీ ఉంటాయి. ఒక్క ఏడాది వెనక్కి వేసి ఉంటే ఏ బాధా లేదు. 2011 ఫిబ్రవరి అని వేస్తే తాళం పడకపోయినా గుట్టు దాగేది. రోజు నిజం చెప్పి ఏడాది దాచవచ్చు కదా. నాకు తోచలేదు. ఒక్కపొద్దు కదా.

జనవరి 29

నిన్న నిరోష విన్నవి ఆరు పాటలు. నాలుగు అమ్మ మీదివే. మంచి పాటలు. తాళం బాగానే పనిచేస్తోంది.

జనవరి 31, శుక్రవారం

ఈ రోజు జర నవ్వుకున్నాం. ప్రతి శుక్రవారం పనులయ్యాక నిరోష ఫోన్‌లో బీరప్ప ఒగ్గుకథ పెట్టుకుని వింటాను. దాని ఫోన్ గొంతు పెద్దది. పోయిన వారం తీరలేదు, ఈ రోజు పెట్టమంటే రాలేదు. ఎర్ర తాళం బొమ్మ పడింది. కథ మధ్యలో ఒగ్గువాళ్లు ఆడే సరసం మాటలకు అది పెద్దలకే అని గుర్తు పడిందట.

“అమ్మా, నువ్వు ఏసిన తాళం మన దేవునికే పడ్డది. బీరప్పను గూడ పిల్లలు వినద్దంటాంది.”

నవ్వుతూ అన్నది. నేనూ నవ్వాను. తర్వాత నేను బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని, తాను పుట్టిన నాడు వాన పడిందా అని అడిగింది. జూన్ అంటే వానలు మొదలయ్యే కాలం కదా. పడిందన్నాను. ఎంత పడింది, గొర్రెలు తడిచినయా అంది. తడిచినయ్ అన్నాను. సరే అని లేచిపోయింది.

ఒక్క అబద్ధానికి ఎన్ని గొర్రెలను తడపాలి.

ఫిబ్రవరి 2, ఆదివారం

భువనగిరి పోయి వచ్చాను. శైలజకు చెప్పకుండా ఉండడం న్యాయం కాదు. దానికి ఇద్దరు కొడుకులు, మొగుడు సతీశ్ మంచివాడు, కాని అతనికి ఏమీ తెలియదు.

సతీశ్ ముందు గదిలో పేపరు చదువుతున్నాడు. మేమిద్దరం వంటింట్లో పొయ్యి ఎక్కువ పెట్టి, పోపు చప్పుడులో మాట్లాడుకున్నాం. చెప్పడం అయిపోయేసరికి దాని చేతిలో గరిటె ఆగిపోయింది.

“పదమూడేండ్ల సంది దాచినం అక్కా. నా నోటెంట ఒక్కనాడు రాలె. నువ్వు పోయి పాటల డబ్బకు చెప్పినవా?”

“ఒక్కపొద్దుల ఉన్ననే.”

“నీ ఒక్కపొద్దుకు నా ఇల్లు కూలాలెనా?”

దాని కోపంలో తప్పు లేదు. శైలజ పుట్టినప్పుడు నాకు పదహారేళ్లు. నడుం మీద మోసి పెంచాను. నా ముందు గొంతు పెంచడం ఎన్నడూ చూడలేదు, ఈ రోజు కూడా పెంచలేదు. ఇరవై ఏళ్లప్పుడు అది ఎంత బెదిరి మా దగ్గరికి వచ్చిందో నాకే తెలుసు. అప్పుడు మేము మందతో అమ్రాబాద్ అడవి అంచున ఉన్నాం. ఆరు నెలలు మా గుడారంలోనే ఉంది. దాన్ని ఆ గతికి తెచ్చిన పిల్లగాడు ఎవరన్నది ఇక్కడా రాయను. శివరాత్రి నాడు పాలమూరు తీసుకుపోతే సాయంత్రానికి కన్నది. దవాఖాన చీటీ తెచ్చిన రోజే పొయ్యిలో వేశాం. రెండేళ్లు దాటాక మంద తోలుకుని మా ఊరు మోత్కూర్ వచ్చేసరికి మా చంకలో పిల్ల ఉంది. వలస పోయిన చోట కన్నదనుకున్నారు. ఆపరేషన్‌కు ముందే కన్నట్టు ఉండాలని బడిలో జూన్ చెప్పాను. రాసింది హెడ్మాస్టరు కాని, రాయించింది నేనే.

నేను లేచి వస్తుంటే శైలజ వాకిలి దాకా వచ్చింది. కోపం తగ్గలేదు. చెప్పుల వైపు చూస్తూ అడిగింది.

“గా పాటలల్ల ఏం వింటది?”

చెప్పాను. ఫోన్ తీసి నిన్నటి జాబితా చూపించాను. చదివింది. మళ్లీ పైకి జరిపి మొదటి నుంచి చదివింది.

ఫిబ్రవరి 4

శైలజ మెసేజ్ పెట్టింది. ‘ఇయ్యాల్టి పాటలు పంపు’ అని అంతే. పంపాను.

ఫిబ్రవరి 6, గురువారం

దవాఖానకు పోయాం. మోకాళ్ల నొప్పి చూపించుకోవాలి. కొత్త డాక్టరమ్మ. ఎప్పటిలాగే పాత ఆపరేషన్లేమైనా ఉన్నాయా అని అడిగింది. నిరోష ఎప్పుడూ నాకంటే ముందే చెప్పేస్తుంది, గర్భసంచి, 2011 ఆగస్టు అని పాఠం అప్పజెప్పినట్టు. ఈ రోజు నా ముఖం చూసి ఊరుకుంది. నేనే చెప్పాను. డాక్టరమ్మ రాసుకుంది. నిరోష ఫైలును రెండు చేతులతో గుండెకు పట్టుకుని నిలబడింది.

పిల్లకు నిద్ర చాలినట్టు లేదు. పరీక్షలు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. పెద్దపిల్లయ్యాక అట్లా పట్టుకోవడం మానేసింది.

ఫిబ్రవరి 9

నిరోష బాపు ఫోన్ చేశాడు. గుట్ట ఎక్కితే సిగ్నల్ దొరికిందట. మొత్తం చెప్పాను. తిడతాడేమోనని భయపడ్డాను. మందను అదిలించి మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు.

“చెప్పరాదా పిల్లకు?” అన్నాడు.

ఎట్లా చెప్తామని అడిగాను. ఆయన మందలో నిన్న ఒక గొర్రె ఈని చచ్చిందట. దాని పిల్లను ఇంకో తల్లికి అలవాటు చేస్తున్నాడట. ఆ తల్లి పాలే పిండి పిల్ల ఒంటికి రాసి, రెండింటినీ ఒక్క గుంజకు కట్టేశాడు. మూడు రోజులు పొడుస్తుంది, తర్వాత నాకుతుంది అన్నాడు.

“తల్లి సంగతి నాకెరుకే. పిల్లకు పెద్దగైనంక ఎరుకైతే ఏం చేస్తదో, గది ఏ గొర్రె నాకు చెప్పలె. నువ్వు అడుగుతే నేనేం చెప్పాలె జానీ.”

ఎన్నో ఏళ్లకు ఆ పేరుతో పిలిచాడు. అంటే ఆయనకూ భయమే.

ఫిబ్రవరి 10, సోమవారం

ఒక్కపొద్దు. రోజంతా ఒక్క ఆలోచన. అది అమ్మా అనడం మానేస్తే నన్ను ఏమని పిలుస్తుంది. పెద్దమ్మా అంటుందా. వరుసకు నేను అదే.

ఫిబ్రవరి 12

నిరోష ఫోన్ బంద్ చేసి జొన్నల గోనెలో పెట్టాను. బడి నుంచి వచ్చి అడిగితే పాడైంది, నవీన్ దుకాణంలో ఇచ్చానని చెప్పాను. పెద్ద విషయమేమీ కాదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఫోన్‌కు కూడా కొన్ని రోజులు విరామం మంచిదే. ఇరవై దాటాక తీసి ఇస్తే ఆ మెసేజ్ పాతపడిపోతుంది, ఎవరూ చూడరు.

ఫిబ్రవరి 13

దీపం నిరోషతో పెట్టించాను. నేను పెట్టలేదు.

ఫిబ్రవరి 15

ఫోన్ ఎప్పుడు వస్తుందని నిరోష మళ్లీ అడగలేదు. ఇంత పట్టుదల లేని పిల్లను చూడలేదు. నా అదృష్టం.

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున శైలజ ఫోన్. ఐదు రోజులుగా జాబితా రాలేదట. పిల్లకు జ్వరమా, ఏమైనా జరిగిందా, నాకు నిజం చెప్పు అక్కా అని ఏడ్చింది. ఫోన్ దాచానని చెప్పాను. అటువైపు ముక్కు చీదుకుని అంది.

“ఇచ్చెయ్యక్కా. తెలుస్తే తెల్వనియ్. నాకు గది వినే పాటలన్న ఉండనియ్.”

రెండో తేదీన ఇల్లు కూలుతుందన్నది ఇదే శైలజ.

గోనెలో చెయ్యి పెట్టి తీశాను. తుడిచాను. సాయంత్రం నిరోషకు ఇచ్చి బాగయిందన్నాను. అది చార్జరు పెట్టబోతే లోపలికి పోలేదు. ఫోన్ వెలుగుకు పట్టి చూసింది. చార్జరు పెట్టే రంధ్రంలో జొన్న నుసి. నా వైపు చూడకుండా పుల్లతో నెమ్మదిగా గీకి, నోటితో ఊది, చార్జింగ్ పెట్టింది.

“నవీనన్న మంచిగ చేసిండు” అంది.

ఒక్కపొద్దు విడవలేకపోయాను. కలిపిన అన్నం మూతేసి పెట్టాను.

ఫిబ్రవరి 18

ఏం చెప్పాలో రాసుకుంటాను.

బిడ్డా, ఆ యాప్‌లో తేదీ నేను తప్పు కొట్టాను. (కాదు.)

బిడ్డా, నీకు రెండు పుట్టినరోజులు. అందరికీ ఉంటాయి. (ఆపరేషన్ సంగతి అడుగుతుంది.)

బిడ్డా, ఆపరేషన్ 2012లో అయింది, ఫైలులో వాళ్లు తప్పు రాశారు. (ఇంకొకరి మీద నింద. వద్దు.)

బిడ్డా, నేను

ఫిబ్రవరి 19

రేపు.

ఫిబ్రవరి 20, గురువారం

మధ్యాహ్నం అయింది. నిరోష బడికి పోయింది.

పొద్దున జడ వేస్తున్నాను. అది నా ముందు కింద కూర్చుంది, వీపు నా వైపు. తలకు నూనె రాసి రెండు పాయలు చేశాను. ఫోన్ దాని ఒళ్లో ఉంది. టింగుమని మోగింది. అదే క్షణంలో దేవుని అర్రలో నా ఫోన్ కూడా మోగింది.

దాని భుజం మీది నుంచి నాకు అక్షరాలు కనబడుతున్నాయి. జన్మదిన శుభాకాంక్షలు నిరోషా. నీకు పదమూడేళ్లు నిండాయి. కింద రెండు గడులు. ఒకటి, నా ఖాతా నేనే చూసుకుంటాను. రెండోది, అమ్మ పర్యవేక్షణలోనే కొనసాగుతాను.

పాయలు నా చేతుల్లో ఆగిపోయాయి.

“జడ ఆపకమ్మా. బడికి ఆలస్యమైతది.”

అల్లాను. ఒక మెలిక, ఇంకో మెలిక. దాని మెడ కదలలేదు. ముఖం నాకు కనబడడం లేదు, నాది దానికి కనబడడం లేదు. అందువల్లే మాట్లాడగలిగిందేమో.

“నాకెరుకే. నువ్వు తాళం ఏసిన్నాడే నా పేరు కింద తారీఖు పడ్డది. గప్పుడే సూసిన.”

“జనవరిలనా?”

“ఆ. ముందు నువ్వు తప్పు కొట్టినవ్ అనుకున్న. తర్వాత, శివరాత్రికి ఎప్పుడూ రెండో కొబ్బరికాయ ఎందుకు కొడ్తవో గది యాదికొచ్చింది. 2012ల శివరాత్రి ఎప్పుడో బడిల కంప్యూటర్ల సూసిన. గదే తారీఖు.”

నేను ఆ కాయ ఎవరి పేరా కొట్టేదాన్ని కాదు. పంతులు గోత్రం, పేరు అడిగితే ఊరికే అనేదాన్ని. పదమూడేళ్లు అది నా పక్కనే నిలబడి చూసింది.

నెల రోజులు ఎందుకు అడగలేదని నోరు తెరిచి అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు, దానికి వినబడింది.

“నువ్వు చెప్తవని సూసిన. మల్ల ఫోన్ జొన్నలల్ల పెట్టినవ్ కద, గప్పుడు సమజైంది. నువ్వు నాకంటె ఎక్కువ బుగులు పడుతున్నవ్.”

రబ్బరు వేశాను. రెండో జడ మొదలుపెట్టాను. నా కంటి నీళ్లు దాని పాపిట్లో పడితే నూనె అనుకుంటుందనుకున్నాను. అనుకోలేదు. చెయ్యి వెనక్కి పెట్టి పాపిట తుడుచుకుంది.

“ఎవలు కన్నరని నేను అడుగుతలేను. నువ్వు చెప్పినప్పుడు వింట. చెప్పకున్నా బడికి పోత.”

అని, బొటనవేలితో రెండో గడి నొక్కింది. అమ్మ పర్యవేక్షణలోనే కొనసాగుతాను. యాప్ వెంటనే తల్లి పిన్ అడిగింది. ఫోన్ భుజం మీది నుంచి వెనక్కి చాపింది.

“కొట్టు.”

నా వేళ్ల నిండా నూనె. మొదటిసారి జారి తప్పు పడింది. రెండోసారీ తప్పే. ఇంకొక్కసారి తప్పయితే రేపటిదాకా ఆగాలని ఎర్ర అక్షరాలు వచ్చాయి. నిరోష అప్పుడు నా వైపు తిరిగింది. దాని కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. చున్నీ కొసతో నా వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది, చిన్నప్పుడు అన్నం తిన్నాక నేను దానివి తుడిచినట్టు.

“జర పైలం అమ్మా. రేపటిదాక నేను ఎవల కింద ఉండాలె?”

మూడోసారి సరిగ్గా పడింది.

లేచి సంచీ తగిలించుకుంటూ, ఇకనుంచి పుట్టినరోజు ఎప్పుడు చేసుకోవాలని అడిగింది. నీ ఇష్టం అన్నాను. జూన్‌లో బట్టలు కొనమంది, ఈ రోజు పాయసం చేయమంది. ఆ ఒగ్గుకథకు మాత్రం తాళం తీసేయమంది.

పాయసం పొయ్యి మీద ఉంది. మాడుతుందేమో చూసి వస్తాను.

ఫిబ్రవరి 21

ఏమీ తోచలేదు. జొన్నరొట్టెలు చేశాను. నిరోష రెండు ఎక్కువ తిన్నది.

ఫిబ్రవరి 22

ఆయనకు సిగ్నల్ దొరికింది. చెప్పాను. గొర్రె కూడా పిల్లను చేర్చుకుందట. అదీ ఇదీ ఒక్కటి కాదు అన్నాను. ఎరుకే అన్నాడు. ఫోన్ మంద వైపు తిప్పి ఆ గొర్రెపిల్ల అరుపు వినిపించాడు.

ఫిబ్రవరి 26, బుధవారం, మహాశివరాత్రి

ఉపవాసం. నిరోష కూడా ఉంటానంది. ఈసారి గుడిలో రెండో కాయ దానికే ఇచ్చాను. పంతులు పేరు అడిగితే తన పేరే చెప్పుకుని కొట్టింది. బాగా కొట్టడం రాదు, మూడు దెబ్బలు వేసింది.

మధ్యాహ్నం శైలజ ఫోన్ చేసింది. రోజూ మెసేజ్ పెట్టేది, ఈ రోజు మాత్రం ఫోనే చేసింది. ఈ రోజు ఎందుకు చేసిందో నాకు తెలుసు. నేను పూజలో ఉన్నాను, నిరోష ఎత్తింది. ఏం మాట్లాడుకున్నారో మొత్తం వినలేదు. చివరి మాట ఒక్కటే చెవిలో పడింది.

“చిన్నమ్మా, ఇగ అమ్మనడుగకు. నా పాటలు రోజు నేనే పంపుత.”

పాటలు పంపుతున్న సంగతి దానికి నేను చెప్పలేదు. శైలజ చెప్పి ఉండదు. నా ఫోన్‌లో చూసిందేమో. చూసి ఏం అనుకుందో, ఎంతవరకు అనుకుందో, నేను అడగలేదు. అడిగితే జవాబు చెబుతుంది. దానికి అబద్ధం రాదు. ఫోన్ పెట్టేశాక వచ్చి నా పక్కన కూర్చుని పూలు కట్టింది. అమ్మా దారం అందుకో అంది. అందించాను.

ఒక మాట దిద్దుకోవాలి. జనవరిలో ఒక్కపొద్దు వల్ల ఆ తేదీ వేశానని రాశాను, తర్వాత కూడా అదే రాశాను. అది నిజం కాదు. ఒక్కపొద్దు లేకున్నా అదే వేసేదాన్ని. పదమూడేళ్లలో పుట్టిన తేదీ ఎప్పుడని నన్ను ఒంటరిగా, తొందరపెట్టకుండా అడిగింది ఆ గడి ఒక్కటే. పిల్ల ఏ రోజు ఈ లోకంలోకి వచ్చిందో ఒక్కచోటయినా ఉండాలనిపించింది. పాటల తాళం ఒక సాకు.

మంద వచ్చే నెల తిరిగి వస్తుంది. ఈ పుస్తకం నిరోష బాపు చేతికే ఇస్తాను. ఆయనకు చదువు రాదు కనుక ఈ కింది మాటలు నేనే చదివి వినిపిస్తాను. దీన్ని జొన్నల గోనెలో పెట్టకు, దొరికిపోతుంది. నీ కంబళి మూటలో అడుగున పెట్టు. చింపవద్దు, కాల్చవద్దు, శైలజకు కూడా చూపవద్దు. నిరోష తానుగా వచ్చి అడిగే రోజు దాకా అందులోనే ఉండనీ. ఒక చీటీ పొయ్యిలో వేశాం. దాని పుట్టినరోజు చేతిరాతతో ఉన్న కాగితం మన ఇంట్లో ఇక ఇదొక్కటే.